విప్పి బిగించిన పడవ

మా ఆవిడకు యంత్రాలంటే భయం లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ ఓడలో జరిగింది సరిగా అర్థం కాదు. ఉప్పల్ నుంచి మెట్రో మొదలైన కొత్తల్లో మా అంతస్తులో అందరికంటే ముందు ఎక్కి తిరిగొచ్చిన మనిషి ఆమె. ఇంట్లో మిక్సీ, వాషింగ్ మెషీను, నీళ్ళ మోటారు అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. ఆమె నమ్మనిది ఒక్కటే: బాగా తిరుగుతూ ఉండగా ఎవరో వచ్చి విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి వెళ్ళిన యంత్రం.

నాచారంలో మేముండే అపార్టుమెంటుకు నెలకోసారి లిఫ్టు చూసే మనిషి వస్తాడు. మేడ మీద మోటారు గదిలో కాసేపు ఏదో చేసి, కింద గుంటలోకి టార్చి వేసి చూసి, వాచ్‌మన్ చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. అతను వచ్చి వెళ్ళాక కొన్నాళ్ళు మా ఆవిడకు మెట్లే గతి. నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ముట్టుకున్నాడు అంటుంది. ఆమె దగ్గర సాక్ష్యాలకు కొదవ లేదు. సర్వీసింగ్ చేయించాకే గ్యాసు పొయ్యి మీట బిగుసుకుపోయింది. మల్లాపూర్‌లో సర్వీసింగుకిచ్చి తెచ్చుకున్న సాయంత్రమే మా స్కూటరు ఉప్పల్ రింగ్ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక బస్సులు హారన్లు కొడుతుంటే ఇద్దరం దాన్ని పక్కకు తోసుకున్నాం. ఆ సాయంత్రాన్ని ఆమె మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వలేదు.

నా ఉద్యోగమంతా నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్సు విభాగంలో గడిచింది. యంత్రం చెడిపోయేదాకా ఆగకుండా, బాగున్నప్పుడే వరస ప్రకారం విప్పి చూడటం మా పని. ఏ నెలలో దేన్ని విప్పాలో ఏడాది ముందే పట్టిక గీసి గోడకు తగిలించేవాణ్ణి. అంటే ఆమె దేన్ని నమ్మదో దాని మీదే మా ఇల్లు గడిచింది. ఈ విషయంలో మేమెప్పుడూ గొంతులు పెంచుకోలేదు, ఎప్పుడూ ఒక మాటకూ రాలేదు. ఉప్పూ కారం విషయంలో రాజీ కుదిరినట్టు ఇందులో కుదరలేదు.

ఓడ ప్రయాణం నా ఆలోచన కాదు, ఆమెది. ఆమె పుట్టి పెరిగింది కాకినాడలో. అక్కడ పెద్ద ఓడలు అప్పట్లో ఒడ్డుకు వచ్చేవి కావట. దూరంగా సముద్రంలో నిలబడి ఉండేవి, చిన్న పడవలు సరుకు మోసుకుంటూ వాటి దగ్గరికి వెళ్ళి వస్తుండేవి. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి ఆ ఓడల్ని చూసేదట. అక్కడ నిలబడి ఇటు చూస్తే మనం ఎలా కనపడతామో అని ఆమె సందేహం. పెళ్ళయిన కొత్తలో నాకు ఈ మాట చెప్పింది. తర్వాత ఎప్పుడైనా టీవీలో ఓడ కనపడితే మళ్ళీ చెప్పేది. అది పెద్ద కోరికలా కూడా చెప్పేది కాదు, తెలుసుకోవలసినది ఒకటి మిగిలిపోయిందన్నట్టు చెప్పేది.

ఈమధ్య హబ్సిగూడలో ఉండే మా అమ్మాయి ఫోనులో ఒక ఓడ ప్రయాణం వివరాలు పట్టుకొచ్చింది. బొంబాయిలో ఎక్కడం, కొచ్చిలో ఒక పూట ఆగడం, అక్కడి నుంచి లక్షదీవుల్లో ఒక దీవి, మళ్ళీ బొంబాయి. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివింది. దీవి దగ్గర ఓడ ఒడ్డుకు వెళ్ళదనీ, లోతు లేక దూరంగా నిలబడుతుందనీ, ప్రయాణికుల్ని పడవల్లో దింపుతారనీ రాసి ఉన్న చోట ఆగింది. ఆ ముక్క మళ్ళీ చదివి, ఫోను మా అమ్మాయికి ఇచ్చేసి, బుక్ చెయ్యమంది.

బొంబాయిలో ఎక్కిన రోజంతా సందడిలో గడిచిపోయింది. మా గది చిన్నది, శుభ్రంగా ఉంది. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో అందరినీ నిలబెట్టి చూపించారు. మా ఆవిడ ఆ జాకెట్టు తాడు ముడి చక్కగా వేసి, పక్కావిడకు కూడా వేసి పెట్టింది. సాంబారు తియ్యగా ఉందని తప్ప ఆ రోజు ఆమె దేన్నీ తప్పు పట్టలేదు.

తేడా మర్నాడు పొద్దున మొదలైంది. దానికి కారణం నేనే.

నాకు తెల్లవారగానే నడిచే అలవాటు. ఇక్కడైతే కాలనీ పార్కు, అక్కడ ఓడ చుట్టూ తిరిగే పొడవాటి నడవా. ఇంకా ప్రయాణికులెవరూ లేవలేదు. ఓడ మాత్రం లేచి పనిలో ఉంది. ఒక చోట ఇద్దరు కంచె కడ్డీ మీద తుప్పు గీకుతున్నారు. గీకిన చోట ఎర్రటి పూత వేసి, చుట్టూ తాడు కట్టి, తడి రంగు అని బోర్డు పెట్టారు. ఇంకో చోట అద్దాల మీద పేరుకున్న ఉప్పును గొట్టంతో నీళ్ళు కొట్టి కడుగుతున్నారు. స్విమ్మింగ్ పూల్ ఖాళీ చేసి అడుగున చీపుర్లు పెట్టి రుద్దుతున్నారు. గోడల్లో ఉండే బరువైన ఇనుప తలుపులు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే మూసుకుంటున్నాయి, ఒక మనిషి చేతిలో కాగితంతో ప్రతి తలుపు దగ్గరా నిలబడి చూసుకుంటున్నాడు. నా తల పైన వరసగా వేలాడుతున్న లైఫ్ బోట్లలో ఒకదాని దగ్గర, నడుముకు బెల్టు కట్టుకున్న మనిషి ఇనుప తాడుకు చేతి తొడుగులతో గ్రీజు పూస్తున్నాడు, అమ్మాయి జడకు నూనె రాసినట్టు పైనుంచి కిందికి.

రిటైరయ్యాక నా కళ్ళకు అంత పండగ ఎప్పుడూ దొరకలేదు. మా ఫ్యాక్టరీలో యంత్రాన్ని ఆపకుండా ముట్టుకునేవాళ్ళం కాదు. ఇక్కడ ఆగే వీలు లేదు. ఓడ నడుస్తూనే ఉండాలి, దాని మీద పనీ నడుస్తూనే ఉండాలి. ఒక కొసన మొదలుపెట్టి రెండో కొసకు చేరేసరికి మొదటి కొస మళ్ళీ తుప్పు పడుతుంది కాబోలు. ఏ పని ముందు, ఏ పని వెనక, ఎండకూ గాలికీ తగ్గట్టు ఎలా పంచుకుంటారు, ప్రయాణికుల కంట పడకుండా ఏ వేళకు ఏ పని పెట్టుకుంటారు? నాకు ఇలాంటి ప్రశ్నలు పుట్టుకొస్తూనే ఉన్నాయి. గదికి వచ్చి డైరీలో రాసుకున్నాను. మా ఆవిడ లేచి కాఫీ తాగుతుంటే, చూసిందంతా వరసగా చెప్పాను. ఇంత జాగ్రత్తగా చూసుకునే ఓడ ఎక్కామని ఆమె సంతోషిస్తుందని నేను నిజంగా అనుకున్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. మనం లోపల ఉండగా విప్పుతున్నారా అని అడిగింది. అవునన్నాను. నడుస్తున్న ఓడనా అంది. దానికీ అవునన్నాను. ఘట్‌కేసర్ బస్సు నడుస్తుండగా బానెట్టెత్తి లోపల చెయ్యి పెడితే ఊరుకుంటారా అని అడిగింది. బస్సుకు డిపో ఉంటుంది, ఓడకు ఏళ్ళ తరబడి ఆగే చోటు దొరకదు, అందుకే ఇలా వంతుల వారీగా చేస్తారని వివరంగా చెప్పాను. మంచి సమాధానమే చెప్పాననుకున్నాను. అది విన్నాక ఆమె ముఖం ఇంకా చిన్నబోయింది.

ఆ రోజు ఆమె కళ్ళకు విప్పినవి తప్ప ఇంకేమీ కనపడలేదు. భోజనాల హాలుకు వెళ్ళే లిఫ్టు ముందు సర్వీసింగ్ జరుగుతోందన్న పలక ఉంది. మెట్లెక్కాం. మధ్యాహ్నం మా నడవాలో గోడ పలక తీసి ఎవరో ఏసీ గొట్టం చూస్తున్నారు. ఆమె అక్కడ ఆగి, అతను పలకకు మర బిగించేదాకా కదల్లేదు. సాయంకాలం టీ తాగి బయటికి వచ్చేసరికి లైఫ్ బోట్ల దగ్గర ముగ్గురు చేరి ఉన్నారు. పడవను పైకీ కిందికీ తిప్పే యంత్రం మూత తీసి కింద పెట్టారు. లోపలి బ్రేకు తెరిచి ఉంది, పక్కన గుడ్డ మీద బోల్టులు వరసగా పేర్చి ఉన్నాయి. నాకు ఆ వరస ముచ్చటేసింది. ఆమె చూపు వరస మీద లేదు.

దీవికి మనల్ని తీసుకెళ్ళేవి ఏ పడవలని అడిగింది. ఇందులో కొన్ని రెండు పనులకూ వాడతారు, ఆపద వస్తే లైఫ్ బోట్లు, లేకపోతే దీవికి దింపే పడవలు. పొద్దున ఒక ఉద్యోగిని అడిగి తెలుసుకున్నాను. అది కూడా చెప్పేశాను.

"కొచ్చిలో దిగిపోదామండీ," అంది.

కొచ్చిలో ఓడ ఒడ్డుకు ఆనుకునే ఆగుతుంది. తిన్నగా మెట్ల మీంచి నడిచి దిగిపోవచ్చు, అక్కడ నుంచి రైలు ఉంది. నేను లెక్క వేసుకున్నాను. కొచ్చి తర్వాతే దీవి. ఆమె ఇన్నేళ్ళుగా చూడాలనుకున్నది కొచ్చికి అవతల ఉంది. అక్కడ దిగిపోతే, సముద్రంలో ఆగిన ఓడ మీద నిలబడి ఒడ్డును చూడటం అనేది ఇక జరగదు. ఈ వయసులో రెండోసారి ఎవరు బయల్దేరతారు? ఆ మాట ఆమెకు నేను చెప్పనక్కర్లేదు, ఆమెకూ తెలుసు. తెలిసే అంది. అందుకే నేను వాదించలేదు. వాదిస్తే ఆమె ఉంటుందేమో, కానీ ఆ పడవలో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. అలాంటి ప్రయాణం ఆమె అడగలేదు.

ఓడలోని వైఫై మీద మా అమ్మాయికి ఫోను చేసి, ఎర్నాకుళం నుంచి సికింద్రాబాదుకు టిక్కెట్లు దొరుకుతాయేమో చూడమన్నాను. ఎందుకని అడిగింది. మీ అమ్మ దిగిపోదామంటోందన్నాను.

"నువ్వేం చెప్పావు నాన్నా అమ్మకి?"

నేనేమీ చెప్పలేదన్నాను.

"పొద్దున్నే వాకింగుకి వెళ్ళి, ఓడ మొత్తం చూసొచ్చి, కాఫీ తాగుతున్న మనిషికి వరసగా చెప్పావా లేదా?"

చెప్పానన్నాను. టిక్కెట్లు చూస్తానని పెట్టేసింది. నవ్వుతోందని నాకు తెలిసింది.

మళ్ళీ బయటికి వచ్చేసరికి పడవ దగ్గర పని ముగింపుకు వచ్చింది. మూత బిగించేశారు. వాళ్ళు అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల మేము నిలబడ్డాం. ఇది ఉప్పల్ రింగ్ రోడ్డు కాదు కదా, ఆగిపోతే పక్కకు తోసుకోవడానికి, అని మా ఆవిడ నాతో అంటోంది. చేతులు తుడుచుకుంటున్న వాళ్ళలో ఒకతను గిరుక్కున తిరిగాడు. ఒళ్ళంతా కప్పే బాయిలర్ సూట్ వేసుకున్నాడు, నలభై లోపు మనిషి.

"ఉప్పల్ అన్నరా ఆంటీ?"

అతను ఓడ ఇంజినీర్లలో ఒకడు. సొంత ఇల్లు ఘట్‌కేసర్‌లో. అమ్మ అక్కడే ఉంటుందట. అక్కడి కాలేజీలోనే చదివాడు, మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాపులో కొన్నాళ్ళు పనిచేసి తర్వాత సముద్రం పట్టుకున్నాడు. నెలల తరబడి తెలుగు వినలేదనీ, ఉప్పల్ అన్న మాట వినగానే చెవి అటే పోయిందనీ చెప్పాడు. మేము నాచారమని చెప్తే, నాచారంలో ఎక్కడ, ఏ గల్లీ అని అడిగాడు. నేను చెప్పబోతుంటే మా ఆవిడకు ఆ ఊసులు అక్కర్లేకపోయాయి.

"నాయనా, ఇవాళ దీన్ని విప్పింది ఎవరు?"

"నేనే ఆంటీ."

"బాగానే ఉంది కదా. ఎందుకు విప్పావు?"

"లోపల ఎట్లున్నదో సూడకుంటే తెల్వది కద ఆంటీ. సూసినం. మంచిగనే ఉంది, మల్ల బిగించినం."

ఇంతవరకు అతను నా మనిషే. నేనైనా ఇదే చెప్పేవాణ్ణి. తర్వాత ఆమె అడిగింది, విప్పి బిగించాక అది ఇదివరకులాగే పనిచేస్తుందని నీకు నమ్మకమేనా అని. దీనికి సమాధానం నాకు కంఠతా వచ్చు. అనుభవం ఉన్నవాళ్ళు చేశారు, పద్ధతి ప్రకారం చేశారు, భయం లేదు. మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో.

"నమ్మకం లేదు ఆంటీ," అన్నాడు అతను.

మామూలుగా అన్నాడు, ఆకలి లేదు అన్నట్టు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పడవ వైపు చూశాను.

"విప్పినంక దేన్నీ నమ్మం మేం," అని అతనే కలిపాడు. "రేపు కొచ్చిల ఓడ ఆగినంక ఖాళీ పడవ దించుతం. ఒక్కర్ని గూడ ఎక్కనియ్యం. దించి, మల్ల పైకి గుంజుతం. అంత మంచిగుంటే గప్పుడు మేం ఎక్కుతం. విప్పినోళ్ళే ముందుగాల ఎక్కాలె."

అప్పుడు మా ఆవిడ అతనికి చెప్పిన సంగతి నాకు కొత్త. లిఫ్టు మనిషి వచ్చి వెళ్ళాక ఆమె కొన్నాళ్ళు మెట్లెక్కుతుందని నాకు తెలుసు. ఆ రోజుల్లో కూరగాయల సంచీని మాత్రం లిఫ్టులో పెట్టి, మా అంతస్తు నొక్కి, తను మెట్ల మీద వస్తుందనీ తెలుసు. మోకాళ్ళ నొప్పుల వల్ల బరువు మోయలేక అలా చేస్తుందనుకునేవాణ్ణి. అది కాదట. సంచీ ముందు వెళ్ళాలి. తలుపు మా అంతస్తులోనే తెరుచుకుని, సంచీ పడిపోకుండా నిలబడి ఉంటే, ఆ లెక్క ఒకటి. ఇలా కొన్ని రోజులు వరసగా జరిగితే అప్పుడు తను ఎక్కుతుంది. ఆమె భయపడుతోందని నేను అనుకున్నన్ని రోజులూ ఆమె పరీక్ష చేస్తోంది. పక్క గదిలో ఉన్నవాణ్ణి, నాకు తట్టలేదు. ఏనాడూ అడగనూ లేదు.

ఇంజినీరు నవ్వాడు. "గదే ఆంటీ. మేం గూడ గదే చేస్తం. మీకు సంచి, మాకు పడవ."

అంతమాత్రాన ఆమె నిర్ణయం మారలేదు. గదికి వచ్చి చీరలు మడిచి సూట్‌కేసులో పెట్టేసింది. మా అమ్మాయి టిక్కెట్లు దొరికాయని కబురు పెట్టింది. కొచ్చి నుంచి ఓడ మధ్యాహ్నం దాటాక బయల్దేరుతుంది. రైలు ఆ తర్వాత. అంటే దిగేదీ లేనిదీ మధ్యాహ్నం లోపల తేలాలి. రేపు చూసి చెబుతానంది మా ఆవిడ. ఏం చూసి అని నేను అడగలేదు.

కొచ్చిలో పొద్దున్నే అందరూ ఊరు చూడటానికి దిగిపోయారు. మేము దిగలేదు. ఓడ ఒక పక్క రేవు గట్టుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి, నీళ్ళ వైపున్న పడవల్నే దించుతారు. ఆ వైపు తాడు కట్టి, ఎవరూ దాటకుండా ఒక మనిషిని నిలబెట్టారు. తాడుకు ఇవతల రెండు కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది, రైల్వే స్టేషన్లో కూర్చున్నట్టు. గదిలో సూట్‌కేసులు జిప్పులు వేసి సిద్ధంగా ఉన్నాయి.

ఆ పొద్దుట చూసింది ఎంత సేపు చెప్పినా నాకు తనివి తీరదు. ముందు మైకులో, ఇది సిబ్బంది పరీక్ష మాత్రమే, ప్రయాణికులు కంగారు పడవద్దని చెప్పారు. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. ఒకరు చెయ్యెత్తితే ఇంకొకరు చెయ్యెత్తారు. అంత పెద్ద పడవ, ఒక బస్సంత ఉంటుంది, చప్పుడు లేకుండా బయటికి వాలి, రెండు ఇనుప తాళ్ళ మీద కిందికి జారింది. లోపల ఎవరూ లేరు. నీళ్ళకు కాస్త పైన ఆపారు. మళ్ళీ పైకి లాగారు. చేరవలసిన చోటుకు కొంచెం దిగువన మోటారు దానంతటదే ఆగిపోయింది. చెడిపోయిందా అని మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. అది అలా ఆగాలి, చివరి జానెడూ మనుషులు చేత్తో తిప్పి చేరుస్తారు, లేకపోతే మోటారు తాళ్ళను తెంపేస్తుందని చెప్పాను. నిజంగానే ఇద్దరు పెద్ద పిడి తెచ్చి తిప్పసాగారు. ఆమె మోచెయ్యి వదిలింది. ఆ తర్వాత పడవ కూడా అలాగే వెళ్ళి వచ్చింది.

తర్వాతది ఆరో నంబరు పడవ. నిన్న సాయంత్రం మేము చూస్తుండగా విప్పినది అదే. మా ఇంజినీరు దాని మోటారు దగ్గర నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి ఎర్ర మీట మీద పెట్టి. పడవ చక్కగా దిగింది. పైకి వస్తోంది. మిగతా రెండూ ఎక్కడ ఆగాయో నా కళ్ళకు గుర్తుంది. అక్కడికి వచ్చింది, ఆగలేదు. ఇంకా పైకి వస్తోంది. మా ఇంజినీరు చెయ్యి మీటను నొక్కింది. పడవ ఒక్కసారి ఊగి, నిలబడిపోయింది. ఎవరూ అరవలేదు. అందరూ ఉన్నచోటే ఉండి పైకి చూస్తున్నారు.

మా ఆవిడ లేచి నిలబడింది.

"చూశారా," అంది. అంతే.

నిన్నటిదాకా బాగా ఆగుతున్నది, విప్పి బిగించాక ఆగలేదు. నా కళ్ళ ముందే. ఆమె ఇన్నేళ్ళుగా చెబుతున్న మాట ఇనుప తాళ్ళకు వేలాడుతూ ఊగుతోంది.

తర్వాత వాళ్ళు తొందరపడకుండా పని చేశారు. మోటారు కరెంటు తీసేశారు. మా ఇంజినీరు ఒక చిన్న పెట్టె మూత విప్పి లోపల ఏదో సరిచేశాడు. ఇంకొకతను వచ్చి టార్చి వేసి చూశాడు, తనూ ఒకసారి మర బిగించి చూశాడు. ఖాళీ పడవను మళ్ళీ దించారు, మళ్ళీ లాగారు. ఈసారి ఆగవలసిన చోట ఆగింది. అయినా ఇంకోసారి ఖాళీగానే దించి లాగారు. అప్పుడు ముగ్గురు ఎక్కారు. మొదట ఎక్కింది మా ఇంజినీరే. కిందికి వెళ్ళి నీళ్ళను తాకి, కొక్కేలు వదిలి, ఇంజను వేసుకుని కొచ్చి నీళ్ళలో గుండ్రంగా ఒక చుట్టు తిరిగి వచ్చారు.

పైకి వచ్చాక అతను మా దగ్గరికి వచ్చాడు. హెల్మెట్ తీసేసరికి జుట్టంతా చెమటకు అంటుకుపోయి ఉంది. ఏమైందని మా ఆవిడ అడిగింది.

"పైన ఆగాలని చెప్పే స్విచ్చి ఒకటుంటది ఆంటీ. నిన్న దాని మూత గూడ తీసిన. బిగించేటప్పుడు జర పక్కకు పెట్టిన. నా చేతి తప్పే."

"సంచీ పడిపోయిందన్నమాట," అంది ఆమె.

"పడిపోయింది ఆంటీ. మంచిగయింది, మనుషులు లేనప్పుడు పడ్డది."

అతనికి అటునుంచి పిలుపు వచ్చింది, వెళ్ళిపోయాడు. ఇక ఆలోచించడానికి ఏమీ లేదనుకున్నాను. ఆమె భయం నిజమని ఆ పని చేసినవాడే ఒప్పుకున్నాడు. అమ్మాయికి ఫోను చేసి రైలుకే వస్తున్నామని చెప్పాలి. నేను లేచాను.

"ఎక్కడికి?"

"సూట్‌కేసులు తేవద్దూ?"

"కూర్చోండి."

కూర్చున్నాను. ఆమె చాలాసేపు పడవ వైపు చూస్తూ ఉంది. వాళ్ళు చివరి జానెడు పిడితో తిప్పి దాన్ని గూట్లోకి చేరుస్తున్నారు.

"మీరెప్పుడూ భయం లేదనే చెప్పారు," అంది. "ఆ అబ్బాయి నమ్మకం లేదన్నాడు. నమ్మకం లేనివాళ్ళు చూసుకుంటారండీ. నాకు అది చాలు."

నా వైపు నుంచి ఒక మాట చెప్పుకోవాలి. మా ఫ్యాక్టరీలో కూడా బిగించాక ఊరికే వదిలేసేవాళ్ళం కాదు. సరుకు వెయ్యకుండా ఉత్తినే తిప్పి చూసేవాళ్ళం, చాలాసార్లు ఏదో ఒకటి తేలేది, మళ్ళీ విప్పేవాళ్ళం. అది మాకు ఎంత మామూలంటే ఇంటికొచ్చి చెప్పే విషయమే అనిపించలేదు. ఇంట్లో నేను చెప్పేది చివరి మాట ఒక్కటే, బాగయిందని. ఆమెకు కావలసింది మధ్యలో జరిగేదట. ఒకే పనిని ఆవిడ లిఫ్టు దగ్గర కూరగాయల సంచీతో, నేను మోటారు దగ్గర మీటరుతో చేస్తూ, ఒకరి పద్ధతి ఒకరికి తెలియకుండా ఇంత దూరం వచ్చామని ఆ కుర్చీలో కూర్చుని ఆశ్చర్యపోయాను. అడిగితే తెలిసేది. ఓడలో కనపడిన ప్రతి మనిషినీ ఏదో ఒకటి అడిగినవాణ్ణి నేనే.

అమ్మాయికి ఫోను చేసి టిక్కెట్లు రద్దు చెయ్యమన్నాను. మా ఆవిడ గదికి వెళ్ళి సూట్‌కేసులోంచి మళ్ళీ చీరలు తీసింది.

మర్నాడు పొద్దున ఓడ దీవికి దూరంగా నిలబడింది. ఇంజన్ల చప్పుడు తగ్గిపోయింది. మా ఆవిడ కంచె దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. లేత ఆకుపచ్చ నీళ్ళు, వాటి అవతల తెల్లటి ఇసుక గీత, దాని మీద కొబ్బరి చెట్ల వరస. అంతే. ఆమె చాలాసేపు చూసింది.

"మనుషులు కనపడరు," అంది చివరికి. "ఒడ్డున నిలబడితే ఓడ ఎంత పెద్దగా కనపడేదో. ఇక్కణ్ణుంచి చూస్తే ఒడ్డున ఎవరైనా ఉన్నట్టే తెలీదు."

బాధగా అనలేదు. ఒక లెక్క తేలినట్టు అంది. నిజమేనా అని నేనూ కళ్ళు చిట్లించి చూశాను. నిజమే. అంత ఇసుక మీద ఒక్క మనిషి ఆనవాలు లేదు, ఉండే ఉంటారు. ఎంత దూరంలో మనుషులు కనపడటం మొదలవుతుందో పడవలో వెళ్తూ చూద్దామంది. ఆమె అలా అనేసరికి నాకూ అది తెలుసుకోవాలనిపించింది.

దిగడానికి పిలిచారు. ఓడ పొట్టలో నీళ్ళకు దగ్గరగా ఒక తలుపు తెరిచి ఉంది, పడవ వచ్చి దానికి ఆనుకుంటుంది, నలుగురైదుగురు చొప్పున చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నారు. మా వంతు వచ్చింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి పడవ పక్కన రాసి ఉన్న అంకె చదివింది. వెనక్కు తప్పుకుని, మా వెనకున్న దంపతుల్ని, ఆప్ జాయియే అని ముందుకు పంపింది. వాళ్ళు వెళ్ళారు. ఇంకో పడవ వచ్చింది. దాన్నీ చదివి, దాన్నీ పంపేసింది. అక్కడ నిలబడ్డ ఉద్యోగి, అమ్మగారికి భయమా అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. కాదని మాత్రం చెప్పాను. అప్పటికి నాకూ పూర్తిగా అర్థం కాలేదు.

"దేనికోసం ఆగావు?"

"ఆరో నంబరు రానివ్వండి."

"నిన్న తప్పు బయటపడింది దానిలోనే కదా?"

"అందుకే," అంది. "మిగతావాటిని ఒక్కసారే చూశారు. దాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. విప్పినవాడు అందరికంటే ముందు ఎక్కాడు కూడా."

ఆరో నంబరు పడవ దీవి నుంచి ఖాళీగా తిరిగి వస్తూ కనపడింది. దాని పైకప్పు మీద కొక్కేల దగ్గర కొత్త గ్రీజు ఎండకు మెరుస్తోంది. అది తలుపుకు ఆనుకోగానే మా ఆవిడ కొంగు నడుములో దోపుకుని, చెయ్యి అందించిన నావికుణ్ణి పట్టుకుని ముందు తనే అడుగు పెట్టింది. కిటికీ పక్క చోటు చూసుకుని కూర్చుని, పక్కన హ్యాండ్‌బ్యాగు పెట్టి నాకు చోటు పట్టింది.

"రండి," అంది, "మనుషులు ఎక్కడ కనపడతారో చూడాలి."